బీరువా తెరిచిన మధ్యాహ్నం

నేల ఎత్తుపల్లాలు కొలిచే మా పాత లెవెల్ యంత్రంలోంచి చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. మైదానం అవతల కొలత కర్ర పట్టుకున్న అమ్మాయి ఆకాశంలోంచి వేలాడుతూ ఉంది, ఆమె జడ పైకి లేచి ఉంది, నేను ఒక కన్ను మూసుకుని కర్ర మీది అంకె చదవబోతున్నాను, సరిగ్గా అప్పుడే భుజానికున్న సంచిలో ఫోను వణికింది. చూడకూడదు. క్లాసు మధ్యలో ఫోను చూసే లెక్చరర్లంటే నాకే పడదు. చూశాను. కొత్తగా పెళ్ళయిన మనిషి ఫోను వణికితే చూడకుండా ఉండటం ఎవరి తరం. తీరా చూస్తే అది మా ఆయన కాదు, యూనివర్సిటీ మానవ వనరుల విభాగం. అధ్యాపకులందరి ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేస్తున్నారట, ఈ రోజే, మూడింటి నుంచి నాలుగింటి లోపు స్వయంగా వచ్చి తీసుకోవాలట. ఇంకోసారి చదివాను. తలకిందుల మనుషుల్ని చూసీ చూసీ కళ్ళు తిరగబడ్డాయేమో అనుకుని ఫోను కూడా తిప్పి చూశాను. అవే అక్షరాలు.

"లిఫ్టు సారు వస్తున్నారా మేడం?" అంది పక్కన రీడింగులు రాసుకుంటున్న అమ్మాయి. ప్రతిదానికీ చెయ్యెత్తుతుందని దాన్ని నేను సందేహాల రాణి అంటాను.

"నీకెందుకే. అంకె రాసుకో."

"మీరు అంకె చెప్పలేదు మేడం. నవ్వారంతే."

చెప్పాననుకున్నాను. మళ్ళీ వంగి చూసి చెప్పాను, గొంతు నాది కాదన్నట్టు ఎక్కడో పైన పలికింది. క్లాసు అయ్యేదాకా ఎలా నిలబడ్డానో, ఆ కబురు మా ఆయనకి ఎప్పుడు పంపానో, మూడుకాళ్ళ స్టాండు మడిచి గదిలో ఎప్పుడు పెట్టానో గుర్తులేదు, ఇప్పుడు మాత్రం ఈ మానవ వనరుల విభాగం వరండాలో ఉన్నాను, వరసగా వేసిన కుర్చీల్లో చివరిదాంట్లో, నా ముందు ఇంకా చాలామంది. కాలు దానంతటదే ఊగుతోంది. ఆపితే ఇంకోటి మొదలవుతోంది. ఈ కుర్చీలు విభాగానికి కొత్త ఆఫీసరుగా మేడం వచ్చాక వేయించినవి, ఇదివరకు ఇక్కడ పని ఉంటే గోడకి ఆనుకుని నిలబడటమే, ఆ గోడ మీద తలలు ఆని ఆని ఏర్పడిన నూనె మరకలు వరసగా ఇంకా ఉన్నాయి, ఎత్తుని బట్టి ఏ మరక ఎవరిదో చెప్పొచ్చు. మరకల పైన ఒక పోస్టరు, 'మీరే మా బలం' అని. పోస్టరు కిందే వేలిముద్ర యంత్రం. ఎవరు బలమో రోజూ రెండు పూటలా వేలు పెట్టి నిరూపించుకోవాలి. సుద్ద అంటిన వేలైతే అది ఒప్పుకోదు, పాఠం చెప్పివచ్చిన వేలుని గుర్తుపట్టని యంత్రాన్ని యూనివర్సిటీకి ఎవరు అమ్మారో అని మా గదిలో అక్క రోజూ నిట్టూరుస్తుంది. లెక్కల లెక్చరరు ఆవిడ, మేమిద్దరం ఒకే గదిలో కూర్చుంటాం, ప్రతి వాక్యం ముందూ ఒక నిట్టూర్పు ఉంటుంది కాబట్టి ఆవిడ అందరికీ నిట్టూర్పు అక్క.

సర్టిఫికెట్లు చేతికొస్తాయి. అంటే రేపు వెళ్ళొచ్చు. రేపు పొద్దున మా ఆయన ఉండే ఊళ్ళో, అక్కడి యూనివర్సిటీలో నాకు ఇంటర్వ్యూ, సర్వే సబ్జెక్టుకే, ఒరిజినల్స్ తెచ్చినవాళ్ళనే లోపలికి రానిస్తామని రాశారు. అప్లై చేసింది నేనే, సెలవు పెట్టిందీ నేనే, అయినా ఎలాగూ కుదరదులే అన్న ధీమాతో పెట్టాను. మా ఆయన అడిగిన ప్రతిసారీ ఒకటే మాట, బీరువాలో ఉన్నాయి, ఇవ్వరు. అత్తయ్య అడిగితే ఇంకా దిగులుగా, ఏం చేయమంటారు అత్తయ్యా, ఉద్యోగం మానేస్తేనే ఇస్తారు, ఇచ్చేసరికి కూడా నెలలు పడుతుంది అని. దిగులుగా అని ఫోను పెట్టేసి వెళ్ళి, కూనిరాగం తీస్తూ బట్టలు ఆరేసుకున్నాను ఒకరోజు. ఆ కూనిరాగం ఇప్పుడెందుకు గుర్తొస్తోంది. మంచి వార్త వచ్చిన మనిషి కాలు ఇలా ఎందుకు ఊగుతోంది.

చేరిన రోజున ఈ తలుపు వెనక గదిలోనే స్కూలు మొదలు పీజీ దాకా అన్నీ ఇచ్చేశాను. అప్పటి ఆఫీసరు నడుముకి తాళాల గుత్తి ఉండేది, ఆయన వస్తున్నాడని మనిషి కంటే ముందు గుత్తి చెప్పేది. నా కాగితాలు కవర్లో పెట్టి, ఆకుపచ్చ ఇనుప బీరువాలో దూర్చి, తలుపు మోకాలితో నొక్కి తాళం వేసి, "ఇక భద్రం" అన్నాడు. ఏది భద్రమో చెప్పలేదు. నా చదువంతా లోపల, నేను బయట. బయటికొచ్చి క్లాసుకి వెళ్తే ఆ పూట పాఠం చెబుతుంటే మధ్యలో అనిపించింది, ఇప్పుడెవరైనా నువ్వు నిజంగా చదువుకున్నావా అని అడిగితే ఏం చూపించను అని. నా పెళ్ళి పిలుపు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కూడా ఆయన ముందు అడిగింది, "ఎక్కడికీ వెళ్ళిపోరుగా?" అని. శుభాకాంక్షలు తర్వాత చెప్పాడు, అదీ కార్డు చివరిదాకా చదివి, భోజనం ఎక్కడో చూసుకున్నాక.

ఆయన హయాంలోనే నిబద్ధత శిక్షణ అని ఒకటి జరిగింది. అందర్నీ హాల్లో గుండ్రంగా నిలబెట్టి ఒక ఉన్నిదారం ఉండ ఇచ్చారు, దారం కొస పట్టుకుని ఈ సంస్థని ఎందుకు ప్రేమిస్తున్నారో చెప్పి ఉండని ఇంకొకరికి విసరాలి. ఫిజిక్సాయన క్యాంటీను దగ్గరనీ, నిట్టూర్పు అక్క నిట్టూర్చి మా ఇల్లు దగ్గరనీ చెప్పారు. అందరం చెప్పేసరికి మధ్యలో పెద్ద వల తయారైంది, శిక్షకుడు చప్పట్లు కొట్టి ఇదే సంస్థాగత బంధం అన్నాడు, సరిగ్గా అప్పుడే రాజీనామా మాస్టారి కాలు దారంలో చిక్కుకుని ఆయన పక్కనున్న ఇద్దర్నీ తీసుకుని కిందపడ్డారు. లేస్తూనే, "నేను రేపే రాజీనామా చేస్తాను" అన్నారు. అందుకే ఆయనకా పేరు. వేలిముద్ర పడకపోయినా, పరీక్షల డ్యూటీ పడినా, ఫ్యాను తిరగకపోయినా అదే మాట, "ఆ బీరువా తాళం ఒక్కసారి తియ్యమనండి, సాయంత్రానికల్లా నేను ఇక్కడ కనిపిస్తే అడగండి." నేను చేరినప్పటి నుంచీ వింటున్నాను, నాకంటే ముందువాళ్ళూ చేరినప్పటి నుంచే విన్నారట.

ఆ తాళం ఇవాళ తీశారు. తీయించింది కొంతవరకూ నేనేనేమో. ఆ ఆఫీసరు వెళ్ళి ఈ మేడం వచ్చాక ఒక సర్వే పెట్టింది, నేల కొలిచే మా సర్వే కాదు, ఆన్‌లైన్లో ప్రశ్నలు, పేరు రాయక్కర్లేదు. అందులో ఒకటి, మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టి ఉంచుతున్నది ఏమిటి, ఒక్క ముక్కలో రాయండి అని. ఆ రోజు మా ఆయన వేలిముద్ర యంత్రాన్ని అనుకరిస్తూ ఫోన్లో మాట్లాడి నవ్వించి ఉన్నాడు, ఆ ఊపులో 'మీ ఇనుప బీరువా' అని కొట్టేశాను. తర్వాత భయపడ్డాను. తర్వాత మర్చిపోయాను. ఆమధ్య సమావేశంలో ఆవిడ తెర మీద జవాబులు వేసి చూపిస్తే అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న మాట బీరువా. హాలంతా నవ్వు. నేనొక్కరినే రాశాననుకున్న ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళని చూశారు. ఆవిడ నవ్వలేదు, తెర వంక చూస్తూ కాసేపు అలా నిలబడింది.

తలుపు తెరుచుకుంది. ఫిజిక్సాయన బయటికొచ్చాడు, కవరు ఛాతీకి ఆనించుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. ఒక కుర్చీ ముందుకి జరిగాను. గడియారం చూశాను, ఇందాకటి నుంచి అది కదిలినట్టే లేదు. వరండా చివర లిఫ్టు దగ్గర 'పనిచేయుట లేదు' అన్న అట్ట వేలాడుతోంది. దాన్ని చూస్తే చాలు నా మొహం నా మాట వినదు.

ఆ లిఫ్టులోనే ఇరుక్కున్నాను, ఫీల్డు నుంచి వస్తూ, ఒక చేత్తో మూడుకాళ్ళ స్టాండు, ఇంకో చేత్తో కొలత కర్ర. రెండంతస్తుల మధ్య ఆగిపోయి దీపం ఆరిపోయింది. చాలాసేపటికి పైనుంచి ఒక గొంతు, "లోపల ఎవరు?" లెక్చరర్ అన్నాను. "ఎన్నో అంతస్తుకి వెళ్ళాలి?" ఏదో ఒక అంతస్తు చాలన్నాను. తలుపులు బలంగా విడదీస్తే వెలుతురు వచ్చింది, పై అంతస్తు గచ్చు నా ఛాతీ దగ్గరుంది, అక్కడ బోర్లా పడుకుని ఒకాయన చెయ్యి చాపుతున్నాడు, మోచేతి దాకా నల్లటి గ్రీజు. చెయ్యి అందుకోమంటే నేను కర్ర అందించాను. అది వంగితే రీడింగులు తప్పొస్తాయి మరి. తర్వాత స్టాండు. తర్వాత నేను. "ప్రాణం కంటే కర్ర ముందు పంపిన మనిషిని నేను చూడలేదండీ" అన్నాడు ఆయన. ఆయనే ఇప్పుడు మా ఆయన, ఊళ్ళు తిరిగి లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు, నలుగురిలో మీరు అంటాను, విడిగా నువ్వు, మరీ ముద్దొస్తే లిఫ్టుగారూ. సబ్బుకి లొంగని గ్రీజు ఒకటి ఆయన చూపుడువేలి గోటి కింద ఎప్పుడూ ఉంటుంది, పెళ్ళి ఫోటోల్లో కూడా ఉంది, అత్తయ్యకి అది ఎంత చిరాకో నాకు అంత ఇష్టం.

అయితే ఆ రోజు కర్ర ముందు ఎందుకిచ్చాను. ఇది ఇప్పుడే తట్టింది, ఈ కుర్చీలో. ఎవరూ చూడట్లేదు, వేలిముద్ర లేదు, చీకటి. బీరువాలో నా కాగితాలు ఉన్నాయని భయపడి కర్రని కాపాడానా. బీరువా ఆ క్షణాన నాకు గుర్తు కూడా లేదు. గుర్తున్నది మర్నాడు పిల్లలకి క్యాంపస్ చుట్టూ కొలత ఉందని. మెట్ల దగ్గరున్న రాతి గుర్తు నుంచి మొదలుపెట్టి, క్యాంపసంతా చుట్టి, మళ్ళీ ఆ రాతి దగ్గరికే వచ్చి కొలవాలి, మొదటి ఎత్తే మళ్ళీ రావాలి, అప్పుడే ఎంత తప్పామో తెలుస్తుంది. మధ్యలో ఎంత బాగా కొలిచినా తెలియదు, బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. ప్రతి ఏడాదీ పిల్లలు తప్పుతారు, ప్రతి ఏడాదీ తప్పు ఎవరిదని మీద పడి కొట్టుకుంటారు, ఆ కొట్లాట మధ్యలో ఎవరో ఒకరికి హఠాత్తుగా అర్థమవుతుంది, ఆ మొహం చూడటానికి నేను ఎండలో ఎంతసేపైనా నిలబడతాను. ఈ ఏడాది ఆ మొహం సందేహాల రాణిది కావచ్చని నా అంచనా. వచ్చే వారమే కొలత. రేపు నేను వెళ్ళి వాళ్ళు రమ్మంటే, ఆ మొహం ఎవరు చూస్తారు.

సిగ్గుగా ఉంది. ఎవరికైనా ఏమని చెప్తాను. పెళ్ళయి ఇంకా గాజుల మోత పాతబడలేదు, మొగుడి దగ్గరికి వెళ్ళే దారి తెరుచుకుంటే, కొలతలో తప్పు పట్టుకునే పిల్ల మొహం కోసం ఆగాలని ఉందని చెప్తానా. అక్కడ ఏముందో నాకు తెలియదా. రెండు కప్పులున్నాయి, ఒకదానికి పిడి లేదు, అది నేను పట్టుకోకూడదని ఆయనే తీసుకుంటాడు. బ్రష్షుల గ్లాసులో నాది ఆయనది ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. కరెంటు పోతే ఆయన ఊళ్ళో ఎన్ని లిఫ్టులు ఆగి ఉంటాయో అని కిటికీలోంచి దిగులుగా చూస్తాడు. ఇవన్నీ వారానికోసారే దొరుకుతున్నాయి, సోమవారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాటిని ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ వస్తాను. అత్తయ్య కూడా మంచిది, ఆసుపత్రిలో నర్సు, షిఫ్టులతో ఊపిరాడని మనిషి, అయినా మొన్న ఫోను చేసి, "నా అలమరలో పై అర నీకోసం ఖాళీ చేశానమ్మా, ముదురు రంగువి ముందు పెట్టుకో, వెనకైతే కనబడవు" అంది. అడగకుండా ఖాళీ చేసి పెట్టిన అర ఒకపక్క, ఇంకా ఖాళీ అవుతున్న బీరువా ఇంకోపక్క, మధ్యలో నా కాళ్ళు ఊగుతున్నాయి.

సోమవారం బస్సు అన్నాను కదా, అసలు తిరకాసు అక్కడే ఉంది. ఇదివరకు సోమవారం మొదటి గంట నాకు క్లాసు, అందుకని ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరాల్సి వచ్చేది, అన్నం తిన్న చెయ్యి ఆరకుండానే. ఈ మేడం వచ్చిన కొత్తలో ఒకసారి మెట్ల మీద ఎదురై, మీ వారు వేరే ఊళ్ళో కదా, సోమవారం మొదటి గంట మారిస్తే మీకు ఉపయోగమా అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, మార్పించింది. ఆ ఒక్క మార్పుతో నా జీవితంలోకి ఆదివారం సాయంత్రాలు వచ్చాయి. డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ ఒకరి చొక్కా ఒకరం తొడుక్కుని నవ్వుకున్న సాయంత్రం, వాన వస్తే తలుపు తీసి పెట్టి గచ్చు మీదే పడుకున్న సాయంత్రం, అన్నీ ఆ టైంటేబులు మార్పులోంచి పుట్టినవే. ఆవిడకి రుణపడ్డట్టు ఉంటుంది నాకు. ఆ మాటే నిట్టూర్పు అక్కతో అంటే, నిట్టూర్చి, "పిచ్చిదానా" అంది. "ఇనుప తాళమైతే తిట్టుకోవచ్చు. ఈవిడ వేసే తాళాన్ని తిట్టుకోవడానికి కూడా ఉండదు. మంచితనం కూడా వాళ్ళకి ఒక పద్ధతే, కోర్సుల్లో నేర్పిస్తారు." అప్పటి నుంచి నాకు తేలదు. నాకు ఇక్కడ ఉండాలని ఉండటం నాదేనా, లేక ఆవిడ పనితనమా. ఆదివారం సాయంత్రాన్ని నాకు మనిషిగా ఇచ్చిందా, ఉద్యోగి జారిపోకుండా ఇచ్చిందా. ఇచ్చినామెకి కూడా తెలుసా ఆ సంగతి. మా ఆయన పిడి లేని కప్పు తను తీసుకోవడం ప్రేమా, నన్ను నిలుపుకునే ఉపాయమా అని ఎప్పుడైనా అడిగానా.

"అమ్మాయ్, కాస్త జరుగు."

రాజీనామా మాస్టారు. ఎప్పుడు లోపలికి వెళ్ళారో, కవరు చేతిలో ఉంది, బయటికి వచ్చి మెట్ల వైపు వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను నవ్వు బిగబట్టి, "ఇంకేం మాస్టారూ, సాయంత్రానికల్లా కనిపించరుగా" అన్నాను. ఆయన నవ్వలేదు. కవరు ఒళ్ళో పెట్టుకుని, దాని అంచుని వేలితో నిమిరి, "ఇవి ఇంట్లో ఎక్కడ పెట్టాలంటావు?" అన్నారు.

"అలమరలో పెట్టండి మాస్టారూ."

"అలమరలో మా మనవరాలి బొమ్మలుంటాయి. మంచం కింద చెమ్మ. మా ఆవిడకిస్తే, ఎక్కడ దాచిందో తనే మర్చిపోతుంది." నావైపు వంగి, ఎవరూ వినకుండా, "ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను గానీ, ఎక్కడున్నాయో తెలిసేది" అన్నారు.

నా పేరు పిలిచారు. నేను లేచి వెళ్తుంటే ఆయనా వెనకే వచ్చారు. లోపల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి, ఎప్పుడూ మూసి చూసిన బీరువా అలా తెరిచి ఉంటే ఆవులిస్తున్నట్టుంది. అరలు దాదాపు ఖాళీ. పాత కాగితాల వాసన. మేడం కుర్చీలోంచి లేచి నా కవరు తీసి ఇచ్చింది, సంతకం పెట్టమని కలం తిప్పి పెట్టింది. నేను చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి, అడుగున స్కూలు సర్టిఫికెట్టు, అందులోని ఫోటోలో నేను భయపడిన కోడిపిల్లలా ఉన్నాను.

"ముందు నాది వినండి మేడం" అన్నారు మాస్టారు నా భుజం మీంచి. "వీటిని ఇక్కడే ఉంచుకుంటే ఏం పోయింది?"

"కుదరదు సార్. బీరువాని రేపు లైబ్రరీకి పంపించేస్తున్నాం."

"నా ఒక్కడివీ ఏ మూలైనా పెట్టొచ్చుగా."

"పెట్టలేను సార్. అవి మీవి."

ఆయన మీసం అదిరింది. "అయితే నేను రాజీనామా చేస్తాను" అన్నారు, అలవాటుగా వచ్చేసింది మాట. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ముందు నవ్వింది ఆయనే, తర్వాత నవ్వు కళ్ళల్లోంచి వచ్చినట్టయి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, కవరు చంకలో పెట్టుకుని క్లాసుందంటూ వెళ్ళిపోయారు. తలుపు నెమ్మదిగా మూసుకుంది.

"మీరు రేపు సెలవు పెట్టారు" అంది మేడం. అడగలేదు, అంది.

"అవును మేడం."

"ఆ యూనివర్సిటీ ప్రకటన నేనూ చూశాను. మీ సబ్జెక్టే." బీరువా వైపు తిరిగి ఒక ఖాళీ అరని గుడ్డతో తుడుస్తోంది, ఆ పని చేయాల్సింది ఆవిడ కాదు. "ఇవి ఇవాళే మీకందాయి, మంచిదైంది."

"తెలిసి కూడా ఇస్తున్నారా?"

"ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరు ఉన్నారో, ఎవరు ఇరుక్కున్నారో నాకు తేడా తెలిసేది కాదండీ. మనుషుల్ని చూసుకోవడం నా పని. తలుపు మూసేసి లెక్కపెడితే అందరూ ఉన్నట్టే కనిపిస్తారు."

"పైవాళ్ళు ఒప్పుకున్నారా?"

"సగం మంది పోతారని నవ్వారు. వచ్చే నెలలో నన్ను మళ్ళీ పిలుస్తామన్నారు."

"మీకేమనిపిస్తోంది?"

"భయంగా ఉంది" అంది, గుడ్డ మడత పెడుతూ. అంత మామూలుగా అంది కాబట్టి ఆ మాట కోర్సులో నేర్పింది కాదని నాకు నమ్మకం కుదిరింది, లేదా కుదరాలని నేనే అనుకున్నాను. తర్వాత ఆవిడ నావైపు తిరిగి, "ఆ సర్వేలో ప్రశ్న గుర్తుందా, మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టేది ఏమిటి అని. ఇప్పుడు బీరువా అని రాయడానికి లేదు. తీరిగ్గా చెప్పండి, తొందరేం లేదు" అంది. నేను నోరు తెరిచాను. కర్ర అని రాబోయింది. ఏ కర్ర, ఎందుకు అంటే ఎలా చెప్పను. నవ్వి, కవరు గట్టిగా పట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు వరండా చివర, ఆగిపోయిన లిఫ్టు పక్కన నిలబడి ఉన్నాను. కవరుకి బరువు లేదు. ఎవరూ పట్టుకోవట్లేదు నన్ను, వెళ్ళమన్నవాళ్ళూ లేరు, ఉండమన్నవాళ్ళూ లేరు, చూడబోతే నేలే కొంచెం ఊగుతున్నట్టుంది. ఇదేనేమో మాస్టారికి మెట్ల దగ్గర జరిగింది. రాతి గుర్తు కిటికీలోంచి కనిపిస్తోంది, దాని మీద కూర్చుని సందేహాల రాణి రీడింగులు కూడుతోంది, తల గోక్కుంటోంది, తప్పొచ్చినట్టుంది. అక్కడే కూర్చో, తొందరపడకు అని లోపలే అనుకున్నాను. అనుకున్నాక తెలిసింది, జవాబు నా దగ్గరుంది, వరండాలో కూర్చున్నంతసేపూ ఉంది, అంతకుముందు కూనిరాగంలో కూడా ఉంది. బీరువా నన్ను ఆపుతోందని ఇంట్లోవాళ్ళకి చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. ఇక చెప్పుకోవడానికి అది లేదు. ఇప్పుడు చెబితే నేనే చెప్పాలి, నా మాటగా. ఆయన నొచ్చుకుంటే అది నా వల్లే. ఫోను చేశాను, ఆయనే ఎత్తాడు, వెనక మోటారు చప్పుడు.

"వచ్చాయా?"

"వచ్చాయి."

"అయితే రేపు మొదటి బస్సుకి ఎదురొస్తాను. చొక్కా కూడా ఇస్త్రీ చేయించాను, ఇంటర్వ్యూ నీదైనా."

"నాకు రావాలని లేదు" అన్నాను.

"నా దగ్గరికా, ఇంటర్వ్యూకా?"

"ఇంటర్వ్యూకి. నీ దగ్గరికైతే ఇప్పుడే, ఇలాగే వచ్చేయాలనుంది."

మోటారు చప్పుడు ఆగింది. ఎవరికో ఉండమని చెప్పి పక్కకి వచ్చినట్టున్నాడు. "మరి ఇన్నాళ్ళూ బీరువా అన్నావు."

"అది ఉన్నన్నాళ్ళూ నాకే తెలియలేదు. తాళం వేసిన గదిలో కూర్చున్నప్పుడు, బయటికి వెళ్ళాలని ఉందో లేదో ఎలా తెలుస్తుంది చెప్పు. ఇవాళ తాళం తీశాక చూస్తే కాళ్ళు కదలట్లేదు."

లిఫ్టు తలుపు మీద నా మొహం మసగ్గా కనిపిస్తోంది. "అమ్మ అర ఖాళీ చేసింది" అన్నాడు చివరికి.

"తెలుసు. అత్తయ్యకి నేనే చెప్తాను. ఆ అర నాకలాగే ఉంచమని కూడా అడుగుతాను, ఆదివారాలకి. కోపమొచ్చిందా?"

"కొంచెం." నిజం చెప్పే మనిషి. "అదలా ఉంచు గానీ, ఒక సంగతి. నువ్వు ఇక్కడికి ఎప్పుడొస్తావని అమ్మ అడుగుతుంది, మా మేనేజరు అడుగుతాడు, కింది వాటా వాళ్ళు అడుగుతారు. నేను అక్కడికి వస్తానా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నువ్వు కూడా."

నిజమే. ఇన్ని బస్సు ప్రయాణాల్లో, ఇంత ఆలోచనలో, ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా సర్టిఫికెట్లు బీరువాలో ఉంటే, ఈయన్ని నేను ఏ బీరువాలో పెట్టి మర్చిపోయాను. "వస్తావా?" అన్నాను.

"మీ ఊళ్ళో లిఫ్టులెన్ని?"

"మాది ఒకటి. అదీ ఇవాళ పనిచేయట్లేదు."

"దానికి నాకోసం ఆగిపోవడం అలవాటైపోయింది. ఒక్కదానికి మా కంపెనీ మనిషిని పెట్టదు గానీ, ఊళ్ళో సరిపడా ఉన్నాయని చూపిస్తే నన్ను అక్కడ వేయమని అడగొచ్చు. ఉన్నాయో లేవో. లేకపోతే మళ్ళీ ఆదివారాలే మనకి. వాళ్ళు కాదన్నా కూడా అంతే."

"కాదంటే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. ఇద్దరం కలిసి" అన్నాను. నిలబడ్డా కాలు ఊగడం ఆగలేదు, కానీ ఇప్పుడు అది ఎక్కడికో బయల్దేరే కాలులా ఉంది. కొత్త ఆసుపత్రిలో రెండున్నాయి, నదివైపు కడుతున్న ఇళ్ళల్లో వస్తున్నాయి, బట్టల షాపులో ఒకటి అద్దాలది, ఇంకా ఎన్నో నేనెప్పుడూ చూడలేదు, ఇన్నేళ్ళూ ఈ ఊరిని నేల మట్టంలోనే కొలిచాను, తల పైకెత్తి చూడలేదు. "లిఫ్టుగారూ, రేపు నాకు సెలవుంది. ఆ మొదటి బస్సు నేనెక్కను, అటువైపు నుంచి నువ్వెక్కు. ఇస్త్రీ చొక్కా వేసుకునే రా. రేపు పొద్దున మా మెట్ల దగ్గర రాతి గుర్తు నుంచి మొదలుపెడదాం, వీధి వీధీ తిరిగి ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ లెక్కపెడదాం, సాయంత్రానికి మళ్ళీ ఆ రాతి దగ్గరికే వచ్చి ఎంత వచ్చిందో చూసుకుందాం."